"ఊ" అంటే హీ నా, షీ నా? మన తండాల దాకా ఇంగ్లీష్ నడిచొచ్చిన దారి

పోస్టు పెద్దగనే ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇంట్ల ఎనిమిది, తొమ్మిది, పది చదివే తమ్ముళ్లు చెల్లెళ్లు ఉంటే వాళ్లకు గూడ చదివి వినిపించండి. ఇది వాళ్ల గురించే.

మొన్న దసరా సెలవులకు రేగోడ్ దగ్గర మా తండాకు పోయిన. పక్కింటి పిల్లగాడు తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. రాత్రి అన్నం తిన్నంక నోట్‌బుక్ పట్టుకొని వచ్చి మెల్లగ అడిగిండు. "భియా, హీ అంటే మగ, షీ అంటే ఆడ అని నాకు తెల్సు. పరీక్షల కరెక్టే రాస్త. కానీ నోటితో చెప్పేటప్పుడు మా అక్కను గూడ హీ అంటున్న. క్లాసుల అందరు నవ్వుతున్రు. నాకు మైండ్ తక్కువనా?"

ఆ ప్రశ్నకు నేను ఆ రాత్రి సరిగ్గా జవాబు చెప్పలేకపోయిన. ఎందుకంటే అదే తప్పు నేను గూడ ఇంటర్ దాకా చేసిన. నన్ను చూసి గూడ నవ్విన్రు. హైదరాబాద్ తిరిగొచ్చినంక ఆలోచిస్తే, జవాబు ఆ పిల్లగాని మైండ్‌ల లేదు, మన చరిత్రల ఉంది అనిపించింది. అందుకే ఈ పోస్టు.

ముందుగా ఒక సంగతి. మనకు ఇంగ్లీషోళ్లతో పరిచయం బడితో మొదలు కాలేదు, ఎద్దులతో మొదలైంది. బంజారాలు అంటే దక్కన్ పీఠభూమి మీద వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన వ్యాపారులు. మొఘలుల సైన్యం దక్షిణానికి వచ్చినా, నిజాం సైన్యం కదిలినా, వెనకాల మన లదేణీ నడిచేది. 1791-92లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేరవేసిన వాళ్లలో బంజారాలు ఉన్నరు. 1803లో మరాఠాల మీద యుద్ధంలో ఆర్థర్ వెల్లెస్లీ గూడ మన ఎద్దుల మీదనే ఆధారపడ్డడు. ఇంగ్లీషోళ్ల కాగితాలల్ల మన పేరు "బ్రింజారీ" అని ఉంటది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువుల గూడ ఆ మాట ఎక్కింది. అంటే ఇంగ్లీష్ మన దగ్గరికి రాకముందే మనం ఇంగ్లీషులకు పోయినం, ఒక మాటగా.

మరి ఆ వ్యాపారం ఎట్ల నడిచింది? ఏ అంగడికి పోతే ఆ అంగడి భాష మాట్లాడితేనే గదా. ఇప్పటికీ చూడండి. రేగోడ్, అల్లాదుర్గం, నారాయణఖేడ్ దిక్కు మన తండాల ముసలోళ్లను మాట్లాడించండి. ఇంట్ల గోర్ బోలి, ఊర్ల తెలుగు, సంతల దక్కనీ ఉర్దూ, బీదర్ దిక్కు చుట్టాలుంటే కన్నడ, చెరుకు కొట్టడానికి పోయిన చోట మరాఠీ. మా దాదాకు వేలిముద్రే, కానీ నాలుగు భాషల బేరం ఆడేటోడు. ఆయన ఏ గ్రామర్ చదవలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్త.

రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా లైన్ 1874లో పడ్డది. రోడ్లు పడ్డయి. ఎద్దుల మీద సరుకు మోసే పని తగ్గింది. దానికి మూడేండ్ల ముందు, 1871లో, బ్రిటిష్ సర్కారు నేరస్త జాతుల చట్టం తెచ్చింది. దేశంలో చాలా చోట్ల సంచార జాతులతో పాటు మనోళ్ల గుంపులను గూడ ఆ జాబితాలల్ల రాసిన్రు. నిన్నటిదాకా సైన్యానికి అన్నం మోసినోళ్లు తెల్లారేసరికి అనుమానితులైన్రు. అందరూ గుట్టల పక్కన, చెలకల్ల తండాలు కట్టుకున్నరు. ఊరికి దూరంగ ఉండుడు అంటే బడికి గూడ దూరంగ ఉండుడే.

ఇదే కాలంల ఇంకొకటి జరిగింది. గ్రియర్సన్ అనే బ్రిటిష్ సర్కారు ఆఫీసర్ భారతదేశ భాషల సర్వే చేసిండు. దాని తొమ్మిదో సంపుటం మూడో భాగం 1907లో అచ్చయింది. అందుల మన భాష, లభాణీ లేదా బంజారీ పేరుతో, దాని వ్యాకరణం సంక్షిప్తంగ ఉంది. నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేదు. మన భాష గ్రామర్ ఇంగ్లీషుల 1907లనే అచ్చయింది. కానీ ఇంగ్లీష్ గ్రామర్‌ను మన భాషల చెప్పిన పుస్తకం నేను చదివిన ఏ బడిల కనిపించలేదు. ఈ పోస్టు మొత్తం ఆ తేడా గురించే అనుకోండి.

ఇక నిజాం కాలం బడులు. హైదరాబాద్ పట్నంల ఇంగ్లీష్ చదువు తొందరగనే వచ్చింది. ఆబిడ్స్‌ల సెయింట్ జార్జి గ్రామర్ స్కూల్ 1834 నాటిది. పేర్లనే గ్రామర్ ఉంది చూడండి. నిజాం కాలేజీ 1887లో మొదలైంది, మద్రాస్ యూనివర్సిటీకి అనుబంధంగ. అక్కడ చదివింది ఎవరంటే నవాబుల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు, పట్నం పెద్దకులాలోళ్లు. జిల్లాలల్ల పెద్ద చదువు అంటే ఉర్దూ. 1917లో ఉస్మానియా యూనివర్సిటీకి ఫర్మానా వచ్చింది, బోధనా భాష ఉర్దూ, ఇంగ్లీష్ ఒక తప్పనిసరి సబ్జెక్టు. ఒక భారతీయ భాషల డాక్టర్ చదువు, ఇంజనీర్ చదువు చెప్పిన గొప్ప ప్రయత్నం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మెదక్ జిల్లాల రైతు బిడ్డకు ఉర్దూ ఇంటి భాష కాదు. తండా బిడ్డకు తెలుగు గూడ ఇంటి భాష కాదు. ఒక మెట్టు ఎక్కాలంటే ముందు రెండు గోడలు దూకాలన్నట్టు.

మెదక్‌ల ఇంకో దారి మిషనరీలది. వెస్లియన్ మిషన్ తరఫున చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్ వచ్చి దవాఖానలు, బడులు పెట్టిన్రు. మనం చూసే మెదక్ చర్చి ప్రారంభమైంది 1924 డిసెంబర్ 25న. కరువుల పని ఇచ్చి కట్టించిన్రని ఇప్పటికీ పెద్దమనుషులు చెప్తరు. ఆ బడులు ఎక్కువగ దళిత వాడల చుట్టూ నడిచినయి, అక్కడినుంచి చాలామంది టీచర్లు, నర్సులు వచ్చిన్రు. మన తండాలకు ఆ వెలుగు పెద్దగ చేరలేదు.

నిజాం రాజ్యంల ఆదివాసీ పిల్లల సొంత భాషను బడిలకు తెచ్చిన ముచ్చట ఒక్కటి మాత్రం గట్టిగ చెప్పుకోవాలె. అది మన దగ్గర కాదు, ఆదిలాబాద్‌ల. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌ల అమరుడైనంక నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకొమ్మని హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తకు చెప్పింది. ఆయన మార్లవాయి గ్రామంల ఉండి 1943లో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టిండు. గోండీ భాషలనే వాచకాలు తయారైనయి, దేవనాగరి లిపిల. పిల్లలు ముందు తమ భాషల అక్షరాలు నేర్చుకొని, తర్వాత రాజ్య వ్యవహారానికి పనికొచ్చే భాషలకు పోవాలె, అది లెక్క. టీచర్ గూడ గోండే. పిల్లగాడు తప్పు మాట్లాడితే ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో ఆ టీచర్‌కు తెలుసు, ఎందుకంటే అదే తప్పు ఆయన గూడ చేసినోడే. 1948 తర్వాత ప్రభుత్వం మారింది, 1956లో రాష్ట్రం మారింది, గోండీ వాచకాలు పక్కకుపోయినయి. హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ సమాధులు మార్లవాయిల ఉన్నయి. ఉట్నూర్ దిక్కు పోయినోళ్లు చూసి రండి.

1956 తర్వాత మన కథ. ఉర్దూ పోయింది, తెలుగు వచ్చింది. దాని మీద మూడు భాషల సూత్రం వచ్చింది. మన పాత టెన్త్ మెమోలు తీసి చూడండి. ఫస్ట్ లాంగ్వేజ్ తెలుగు, సెకండ్ లాంగ్వేజ్ హిందీ, థర్డ్ లాంగ్వేజ్ ఇంగ్లీష్. తెలుగు ఇంటి పిల్లకు లెక్క సరిపోయింది. తండా పిల్లకు ఇంగ్లీష్ నాలుగోది. మెమోల ఆ నాలుగో గడి లేదు, మొదటి భాష పేరు గూడ లేదు. మన భాష మెమోల సున్నా మార్కులు గూడ కాదు, అసలు కాలమే లేదు. రాజ్యాంగంల 350-ఎ అని ఒక అధికరణం ఉంది, 1956లనే చేర్చిన్రు. ప్రాథమిక దశల మాతృభాషల చదువు చెప్పే వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెప్తది. అది చదివి నవ్వాల్నో ఏడవాల్నో నాకు తెల్వదు.

తెలంగాణల లంబాడాలకు ఎస్టీ హోదా వచ్చింది 1976 చట్టంతోని, అమలు 1977 నుంచి. ఆంధ్ర ప్రాంతంల సుగాలీలకు అంతకుముందే ఉంది. ఈ విషయం మీద మన గ్రూపుల వేరే వేరే అభిప్రాయాలున్నయి, అది నాకు తెలుసు, ఆ గొడవ ఈ పోస్టుల వద్దు. నేను చెప్పేది ఒక్కటే. హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, స్కాలర్‌షిప్పులు అప్పటినుంచే మన తండాల దాకా రావడం మొదలైంది. అంటే మా బాపు తరమే మనకు మొదటి బడి తరం. ఇంగ్లీష్ రాలేదని మనల్ని మనం తిట్టుకునే ముందు ఆ లెక్క చూసుకోవాలె. 2011 జనగణన నాటికి గూడ తెలంగాణల ఎస్టీల అక్షరాస్యత 49.5 శాతం.

ఇప్పుడు గ్రామర్ దగ్గరికి వద్దాం. మనకు బడిల చెప్పిన ఇంగ్లీష్ గ్రామర్ ఎక్కడినుంచి వచ్చింది? ఇంగ్లాండ్‌ల గ్రామర్ పుస్తకాలు రాసినోళ్లు ముందు లాటిన్ చదివినోళ్లు. చచ్చిపోయిన భాషను ఎట్ల నేర్పుతరో, అట్ల, నియమం, పట్టిక, ఉదాహరణ, అభ్యాసం అనే పద్ధతిల తమ బతికున్న భాషకు గూడ పుస్తకం రాసుకున్నరు. 1795లో వచ్చిన లిండ్లీ మరే గ్రామర్ దశాబ్దాల పాటు ఇంగ్లాండ్, అమెరికా బడులల్ల నడిచింది. ఆ దారిలనే మన దేశంల 1930లల్ల రెన్ అండ్ మార్టిన్ వచ్చింది. ఈ రెన్ సారు బొంబాయి దిక్కు విద్యాశాఖల పనిచేసినోడు, నవలలు గూడ రాసిండు. తర్వాత దాన్ని సవరించింది ఎన్.డి.వి. ప్రసాదరావు. ఎర్ర అట్ట పుస్తకం, డీఎస్సీకి, గ్రూప్స్‌కు ప్రిపేర్ అయినోళ్ల గదులల్ల చిరిగిపోయి కనిపిస్తది. మంచి పుస్తకమే. కానీ ఇంట్ల, చెవిల ఇంగ్లీష్ పడ్డ పిల్లకు, తనకు తెలిసినదాన్ని సరిదిద్దుకునేటందుకు అది పనికొస్తది. చెవిల ఒక్క ఇంగ్లీష్ మాట పడని పిల్లకు ఆ పట్టికలు ఏం చేస్తయి?

నా సంగతి చెప్త. మా హైస్కూల్‌ల ఇంగ్లీష్ అంటే బిట్ పేపర్. యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్. డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్. పాజిటివ్, కంపారిటివ్, సూపర్లేటివ్. "రామా కిల్డ్ రావణా" అంటే "రావణా వాజ్ కిల్డ్ బై రామా". పదో తరగతి అయ్యేనాటికి రావణాసురుణ్ణి కనీసం 200 సార్లు చంపిన. టెన్త్ ఇంగ్లీష్‌ల పాసైన. తర్వాత ఒక కాలేజీల అడ్మిషన్‌కు పోతే కౌంటర్ అవతల ఉన్నాయన ఇంగ్లీషుల "తండ్రి ఏం చేస్తడు" అని అడిగిండు. నాకు అర్థమైంది. జవాబు తెలుగుల మనసుల వచ్చింది, గోర్ బోలిల గూడ వచ్చింది, ఇంగ్లీషుల రాలేదు. వాయిస్ మార్చడం వచ్చిన నాకు వాయిసే రాలేదు. ఆయన పక్కాయనతోని ఏదో అని నవ్విండు. ఏం అన్నడో అది గూడ అర్థమైంది, అదే బాధ.

ఇంగ్లీష్ బోధనల ఈ రోగం మనకొక్కరికే కాదు, అందరికీ తెలిసిన రోగమే. దీనికి మందు వెతికిన ఊరు హైదరాబాదే అని గూడ చాలామందికి తెల్వదు. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టిన్రు, దేశంల ఇంగ్లీష్ టీచర్లకు శిక్షణ ఇచ్చేటందుకు. అదే తర్వాత సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ అయింది. మన గ్రూపుల గూడ అక్కడ చదివినోళ్లు ఉన్నరు. రేగోడ్ నుంచి తార్నాక ఎంత దూరం? పొద్దున బస్సు ఎక్కితే మధ్యాహ్నం లోపల పోతం. కానీ అక్కడ తెలిసిన సంగతి మన బడిల బ్లాక్‌బోర్డు దాకా రావడానికి తరాలు పట్టింది.

ఇంకొక పేరు చెప్పాలె, ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాస్, కడలూరు దిక్కు మామూలు బడులల్ల ఒక ప్రయోగం చేసిండు. బెంగళూరు ప్రాజెక్ట్ అంటరు. క్లాసుల గ్రామర్ పాఠం చెప్పలేదు. రైలు టైం టేబుల్ ఇచ్చి ఏ రైలు ఎక్కితే ఎప్పుడు చేరుతం అని అడుగుడు, మ్యాప్ ఇచ్చి దారి చెప్పమనుడు, ఇట్లాంటి పనులు ఇంగ్లీషుల చేయించుడు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే గ్రామర్ లోపల కుదురుకుంటదని ఆయన వాదం. ప్రపంచమంతా టాస్క్ పద్ధతి అని ఇప్పుడు చెప్పుకునేదానికి ఈ ప్రయోగం ఒక మూలం. నాకైతే ఇది చదివినప్పుడు మా దాదా గుర్తొచ్చిండు. సంతల ఎద్దు బేరం ఒక టాస్క్ కాకపోతే ఏంది? నాలుగు భాషలు ఆయనకు అట్లనే వచ్చినయి.

ప్రభు సారుతో నాకు ఒక చోట మాత్రం పూర్తిగ ఒప్పుదల లేదు. గ్రామర్ చెప్పకుండనే అంతా వస్తది అంటే, చుట్టూ ఆ భాష ఎంతో కొంత వినపడాలె. మా దాదా సంతల రోజంతా కన్నడ విన్నడు. మన పిల్లకు ఇంగ్లీష్ వారంల ఆరు పీరియడ్లే, అందుల సగం తెలుగుల నడుస్తయి. చెవిల తక్కువ పడ్డప్పుడు గ్రామర్ అక్కరకు వస్తది. కాకపోతే ఎవరి గ్రామర్‌తో పోల్చి చెప్పాలె అన్నదే ప్రశ్న.

2011 తర్వాత ఉమ్మడి రాష్ట్రంల ఇంగ్లీష్ పుస్తకాలు మారినయి. డైరీ రాయి, సంభాషణ రాయి, పోస్టర్ తయారుచెయ్యి అని వచ్చింది. ఒకటో తరగతి నుంచే ఇంగ్లీష్ వచ్చింది. అంతకుముందు 2008-09ల సక్సెస్ స్కూళ్ల పేరుతో హైస్కూళ్లల్ల ఆరో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు పెట్టిన్రు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం అయింది, తర్వాత పై తరగతులకు పాకింది. పుస్తకం తెరిస్తే ఒక పక్క ఇంగ్లీష్, ఎదురు పక్క తెలుగు. పేదోళ్ల పిల్లలకు ఇంగ్లీష్ మీడియం కావాలని కంచ ఐలయ్య సార్ లాంటోళ్లు ఎన్నో ఏండ్లు అడిగిన్రు. నేను గూడ దాని పక్షమే. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మనకు మాతృభాష గొప్పతనం చెప్పేటోళ్ల మాట నేను వినను.

అయినా ఆ రెండు పేజీల పుస్తకం చూసినప్పుడు ఒకటి అనిపిస్తది. ఎదురు పేజీల ఉన్నది తండా పిల్ల భాష కాదు. రెండో భాషను మొదటి భాష అనుకొని దాని మీద మూడోదాన్ని నిలబెడుతున్నరు. మార్లవాయిల చేసిన పని మళ్లీ ఒక్కసారి మాత్రం చేసిన్రు. 2004-05 ప్రాంతంల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఎనిమిది భాషలల్ల మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చిన్రు. గోండీ, కోయ, కోలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, మన బంజారా. లిపి తెలుగుదే. మంచి పని. కానీ అది చిన్న తరగతుల దగ్గరనే ఆగింది. హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్ చేతికి ఆ పోలిక ఎన్నడూ రాలేదు.

ఆ పోలిక ఎట్లుంటదో చూపిస్త. మా తండాల అనే తీరు రాస్తున్న, మీ దిక్కు కొంచెం తేడా ఉండొచ్చు, కామెంట్ల చెప్పండి.

తెలుగుల "ఆమె టీచర్" అంటం. మధ్యల ఏం లేదు. అందుకే తెలుగు పిల్ల "షీ టీచర్" అంటది, "ఈజ్" మరిచిపోతది. గోర్ బోలిల ఏమంటం? "ఊ టీచర్ ఛ." ఆ చివరి "ఛ" ఏంది? అదే "ఈజ్". ఇంకా చూడండి. "మ ఛూ", "తు ఛీ", "ఊ ఛ". ఐ యామ్, యూ ఆర్, హీ ఈజ్. మూడుకు మూడు సరిపోయినయి. "యామ్, ఈజ్, ఆర్" అనేది బడిల పెద్ద పాఠం, పట్టిక గీసి బట్టీ పట్టిస్తరు. మన పిల్లకు అది పుట్టుకతోనే ఉంది, ఎవ్వరూ చెప్పలేదు అంతే. తేడా ఒక్కటే, మన దగ్గర చివర్ల వస్తది, ఇంగ్లీషుల మధ్యలకు వస్తది.

"మ జారోఛూ" అంటే "నేను పోతున్న". విడదీయండి. "జారో" అంటే గోయింగ్, "ఛూ" అంటే యామ్. "ఐ యామ్ గోయింగ్." ప్రెజెంట్ కంటిన్యూయస్ అని రెండు వారాలు చెప్పే పాఠం మన ఒక్క మాటల ఉంది. "ఐ గోయింగ్" అని రాసే పిల్లకు "నీ ఛూ ఏడబోయింది?" అని అడిగితే చాలు.

ఇప్పుడు హీ, షీ. మన "ఊ" మగకు, ఆడకు ఒక్కటే. అతను, ఆమె, అది, అన్నిటికీ "ఊ". మరి ఆడ మగ తేడా మన భాషల లేదా? ఉంది, క్రియ చివర ఉంది. "ఊ ఆయో" అంటే అతను వచ్చిండు. "ఊ ఆయీ" అంటే ఆమె వచ్చింది. ఇంగ్లీషుల తిరగబడింది. అక్కడ "కేమ్" ఇద్దరికీ ఒక్కటే, తేడా మొదటి మాటల ఉంది. తెలుగుల రెండు చోట్లా ఉంది, "అతను వచ్చిండు, ఆమె వచ్చింది". అంటే మన పిల్లగాడు ఆడనో మగనో వాక్యం చివర్ల తేల్చుకునే అలవాటుతోని పెరిగిండు. ఇంగ్లీష్ వానిని నోరు తెరవంగనే తేల్చు అంటున్నది. పరీక్ష కాగితం మీద టైం ఉంటది కాబట్టి కరెక్టు రాస్తడు. మాటల టైం ఉండదు కాబట్టి దొరికింది అంటడు. మైండ్ తక్కువ కాదు తమ్మీ, నీ మైండ్ వేరే చోట సిగ్నల్ కోసం ఎదురు చూస్తున్నది.

ఇంకొకటి. "నా దగ్గర పైసలున్నయి" అనడానికి మనం "మార కన పీసా ఛ" అంటం. తెలుగుల గూడ అదే తీరు. "ఐ హావ్" అనే మాట రెండింటిలనూ లేదు, అందుకే అది రెండు ఇండ్ల పిల్లలకూ కష్టం. "మనం", "మేము" తేడాకు మనకు "ఆపణ్", "హమ్" ఉన్నయి, ఇంగ్లీషుకు ఒక్క "వి"నే. ఈ ఒక్క చోట ఇంగ్లీషోళ్లే పేదోళ్లు, మనం కొంచెం సంతోషపడొచ్చు.

మర్యాద సంగతి గూడ గ్రామరే. హైదరాబాద్ హాస్టల్‌ల ఉండే మనోళ్లు ఆఫీసుకు పోయి "గివ్ మి టీసీ సార్" అంటరు. మనసుల మర్యాద ఉంది, "సార్" గూడ ఉంది. కానీ వినేటోనికి ఆర్డర్ వేసినట్టు పడ్డది. గ్రామర్ పుస్తకంల "కుడ్" అంటే "కెన్"కు భూతకాలం అని రాసి వదిలేస్తరు. "కుడ్ యూ గివ్ మి" అన్నప్పుడు అది భూతకాలం కాదు, మనం "ఇవ్వండి" అన్నప్పటి "అండి" అది. ఈ ఒక్క ముక్క టెన్త్‌ల ఎవరన్నా చెప్పి ఉంటే నాకు చాలా కౌంటర్ల దగ్గర పనికొచ్చేది.

ఒక మనిషి కథ చెప్పి ఆపుత. జైపాల్ సింగ్ ముండా పేరు మనలో చాలామందికి తెలుసు. రాంచీ దిక్కు ముండా పిల్లగాడు, ఆక్స్‌ఫర్డ్‌ల చదివిండు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌ల బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకు కెప్టెన్. రాజ్యాంగ సభల ఆదివాసీల గొంతు ఆయనదే. ఆ సభల ఆయనంత ధాటిగ ఇంగ్లీష్ మాట్లాడినోళ్లు కొద్దిమందే. అదే మనిషి 1949 సెప్టెంబర్‌ల భాషల జాబితా మీద చర్చ జరిగినప్పుడు ముండారీ, గోండీ, ఒరాఁవ్ భాషలను గూడ చేర్చమని సవరణ పెట్టిండు. అది నెగ్గలేదు. సంతాలీ, బోడో 2003 సవరణతోని ఎనిమిదో షెడ్యూల్‌ల చేరినయి. గోండీ, గోర్ బోలి ఇంకా బయటనే ఉన్నయి.

మన గ్రూపుల టీచర్లు, బీఈడీ చేసేటోళ్లు చాలామందే ఉన్నరు. మీ భాషల, గోండీ అయినా కోయ అయినా గోర్ బోలి అయినా, ఇంగ్లీష్‌తో కలిసే చోట్లు, కలవని చోట్లు రాసి పంపండి. ఎండాకాలం సెలవులకు చెరుకు కొట్టే పని నుంచి పిల్లలు తిరిగి తండాలకు వచ్చేనాటికి ఒక చిన్న నోట్‌బుక్ అంత చేయగలిగితే, రేగోడ్ దిక్కు రెండు మూడు తండాలల్ల కూసోబెట్టి చెప్పడానికి నేను వస్త.

ఆ పిల్లగానికి పోయిన ఆదివారం ఫోన్ చేసి "ఆయో, ఆయీ" ముచ్చట చెప్పిన. కొంచెం సేపు సప్పుడు లేదు. తర్వాత వాళ్ల అక్క గురించి నాలుగు వాక్యాలు చెప్పిండు, మూడు షీ, ఒకటి హీ. హీ అన్న చోట తనే ఆగి, నవ్వుకొని, మళ్లీ చెప్పిండు. అయినంక అడిగిండు, "భియా, మరి 'ద' ఎక్కడ పెట్టాలె? అది మన దగ్గర ఏడుంది?"

'ద' మన దగ్గర లేదు, తెలుగుల గూడ లేదు. వానికి ఏం చెప్పాల్నో తెలిసినోళ్లు కామెంట్ల రాయండి.